ఆమెకు పట్టిన సూది

ఆంజినమ్మకు సూది పట్టింది. తిప్పేస్వామికి పట్టలేదు.

అనంతపురంలో హెచ్ఐవి మాత్రలిచ్చే సెంటర్లో కౌన్సెలర్ అరుణజ్యోతి మొగుడూ పెండ్లాలను ఎదురుగా కూర్చోబెట్టి ఆ మాట చెప్పింది. కామెర్ల సూదులన్నీ అయినంక ఒంట్లో కాపుదల పుట్టిందా లేదా అని రక్తం తీసి చూస్తారు. పదికి పైన వస్తే పుట్టినట్టు. ఆంజినమ్మది ఆరునూర్లు దాటింది. తిప్పేస్వామిది రెండు.

"రెండునూర్లా మేడమ్?" అని అడిగినాడు తిప్పేస్వామి.

"రెండే అన్నా. ఉత్త రెండు."

తిప్పేస్వామి పెండ్లాం మొగం చూసినాడు. ఆమె నవ్వలేదు. నవ్వు రాకుండా పెదిమలు బిగబట్టిందని అతనికి అనిపించింది. ఆమె నిజానికి గోడ మీది గడియారం చూస్తాండాది, ఉరవకొండ బస్సు పోతాదేమోనని.

"ఇద్దరికీ ఒకే మందు, ఒకే రోజు, ఒకే నర్సు వేసింది కదా మేడమ్" అన్నాడు. "ఆమెకెట్లా పట్టింది?"

"సూది అంటే పాఠం చెప్పడం అన్నా. నేర్చుకునే పిల్లలు తరగతిలో ఉండల్ల కదా. నీకు రోగం తెలిసేటప్పటికే సగం తరగతి ఖాళీ అయిపోయింది. అక్కకు మొదట్లోనే మాత్రలు పడినాయి, తరగతి నిండుగా ఉండాది. నీ మాదిరి వాళ్ళు చానామంది ఉంటారులే. ఈసారి రెండింతల మోతాదుతో మళ్ళా మొదలు పెడతాం. మొదట పట్టనోళ్ళకు అట్ల ఎంతోమందికి పట్టుతాది."

"పట్టకపోతే?"

"పట్టేదాకా నీ తమ్ముని పక్కన కత్తెర పట్టొద్దు. అంతే."

బస్సులో ఆంజినమ్మ కిటికీ పక్కన కూర్చుని సీటు మీద సంచి పెట్టి అతని కోసం చోటు ఆపింది. తిప్పేస్వామి చూడనట్టు వెనక్కి పోయి, ఎవరిదో ఉల్లిగడ్డల మూట పక్కన ఊరొచ్చేదాకా నిలబడినాడు.

వాళ్ళది విడపనకల్లు అవతల, కర్ణాటక పొలాలు కనిపించే చోట ఒక ఊరు. వాన రాని ఏడు ఎక్కువ, వచ్చిన ఏడు తక్కువ. కురుబల ఇండ్లలో గొర్రెలే దిక్కు. తిప్పేస్వామి, అతని తమ్ముడు వీరేష్ చుట్టుపక్కల ఊర్లకంతా బొచ్చు కత్తిరించే జోడీ. గొర్రెకు కాళ్ళు కట్టి పండబెట్టి, ఒకడు ఈ పక్క ఒకడు ఆ పక్క కూర్చుని, పొట్ట కాడ మొదలుపెట్టి వెన్నుపూస మీద కలుస్తారు. మంచి జోడీ అయితే బొచ్చు తునగకుండా ఒకే దుప్పటి మాదిరి లేస్తాది. అట్ల లేస్తే కంబళి నేసేవాళ్ళు ఎగబడి కొంటారు. కలిసే చోట రెండు కత్తెర్లు ఒకదాని మీద ఒకటి పోతాయి. ఎంత పనివాడైనా ఆ చోట వేలు తెగడం మామూలు. తెగితే మట్టి అద్దుకుని పని చేసుకుంటారు.

పోయిన ఏడు వీరేష్‌కు వరిబీజం ఆపరేషన్ చేయాలని రక్తం చూస్తే కామెర్ల పురుగు తేలింది. హెపటైటిస్ బి అన్నారు. మనిషి చూస్తే గట్టిగానే ఉన్నాడు, రక్తంలో పురుగు ఉంది. రక్తం నుంచి రక్తానికి అంటుతాదని, మాత్రలు వాడమని చెప్పి పంపినారు. వీరేష్ ఇంటికొచ్చి, "నీకొక పురుగు, నాకొక పురుగు. మన ఇంట్లో దేనికీ కొదవ లేదన్నా" అని నవ్వినాడు. అతని పెండ్లాం భారతికీ సూదులు వేసినారు. తిప్పేస్వామి, ఆంజినమ్మ తమ సెంటర్లో వేయించుకున్నారు. వీళ్ళిద్దరికీ ఏ రోగం ఉన్నదీ వీరేష్‌కు, భారతికి తెలుసు. ఊర్లో ఇంకొందరికి కూడా తెలుసు, తెలియనట్టు ఉంటారు.

మొదటి సూదికే తిప్పేస్వామికి అనుమానం వచ్చింది. ఆంజినమ్మ భుజం మీద చింతగింజంత గడ్డ లేచి, ఒక రాత్రి ఒళ్ళు కాగింది. అతనికి ఏమీ లేదు. గొర్రెలకు సూదేస్తే గడ్డ కట్టినదానికే మందు పట్టిందని అతని లెక్క. భుజం రుద్దుకున్నాడు. పొయ్యి కాడ గుడ్డ వెచ్చబెట్టి కాపడం పెట్టుకున్నాడు. గడ్డ రాలేదు. గడ్డకూ పట్టడానికీ సంబంధం లేదని అరుణజ్యోతి చెప్పింది గానీ, ఇప్పుడు రెండు అని తేలినాక ఆ గడ్డే నిజం చెప్పిందని అనుకున్నాడు.

కత్తిరింపుల కాలం వచ్చింది. ఒక్కడితో జోడీ కాదు. భారతి చంకలో బిడ్డ. ఆంజినమ్మ కత్తెర తీసుకుంది.

ఆడవాళ్ళు బొచ్చు ఏరతారు, వడుకుతారు, గొర్రె కాళ్ళు పట్టుకుంటారు. కత్తెర పట్టరు. గొర్రెల గుంపు తెచ్చిన రామాంజనేయులు మొదట ఒప్పుకోలేదు. ఒక గొర్రెకు చేసి చూపిస్తామని వీరేష్ అన్నాడు. ఆంజినమ్మది ఎడమచేతి వాటం. వీరేష్ కుడిచెయ్యి. ఆ పక్క నుంచి ఆమె, ఈ పక్క నుంచి అతను వెన్ను మీదికి వస్తే, కత్తెర్లు ఎదురెదురు తగులుకోకుండా ఒకదాని వెంట ఒకటి జారిపోయినాయి. బొచ్చు నల్లగా, తునగకుండా, చేతుల మీదికి లేచింది. ఎవరి వేలూ తెగలేదు.

"ఇదేంది వదినా" అన్నాడు వీరేష్. "ఇన్నేండ్లూ మా అన్నతో కత్తెర్లు కొట్టుకున్న్యా. నువ్వు యాడ దాక్కున్న్యావు?"

"వంటింట్లో" అంది ఆంజినమ్మ.

ఇద్దరూ నవ్వినారు. తిప్పేస్వామి తర్వాతి గొర్రెను తోలుకొస్తా ఆ నవ్వు విన్నాడు. అతని పని ఇప్పుడు అదే. గొర్రెను తోలుకొచ్చి, కాళ్ళు కట్టి, కత్తెర మొదలయ్యే లోపల దూరం జరగడం.

"ఏమప్పా తిప్పేస్వామీ" అన్నాడు రామాంజనేయులు బీడీ ముట్టించుకుంటా. "పెండ్లాన్ని తమ్మునికి జోడీ కట్టి నువ్వు గొర్రెలు తోల్తాండావే. వయసైపోయినాదా?"

"చెయ్యి నొప్పి" అన్నాడు తిప్పేస్వామి.

"చెయ్యేనా, ఇంగేమన్నా నొప్పా?"

పక్కనున్నవాళ్ళు నవ్వినారు. తిప్పేస్వామి కూడా నవ్వినాడు. వాళ్ళు అనుకునేది అతనికి తెలుసు. వాళ్ళు అనుకున్నదే అయితే బాగుండు అనిపించింది. ఆ మాదిరి కడుపుమంటకు ఊర్లో దారులున్నాయి. అరుస్తారు, కొట్టుకుంటారు, నలుగురు కూర్చుని తీరుస్తారు. పెండ్లాం రక్తం మీద కడుపుమంట అని ఎవరికి చెప్పుకునేది?

అతను ఆమెను చూడడం మొదలుపెట్టినాడు. ఆమె రెండు రాగిముద్దలు తింటాది, అతనికి ఒకటి దిగదు. పండుకుంటే ఆమెకు వెంటనే నిద్ర. అతనికి వానాకాలం వస్తే దగ్గు, ఆమె వానలో తడిసి వచ్చి తల తుడుచుకుని పొయ్యి ముట్టిస్తాది. రోగం ఇచ్చింది అతను. లారీ మీద క్లీనరుగా తిరిగిన కాలంలో తెచ్చుకున్నదే. అతను ఎముకల గూడై, టీబీతో మంచం పట్టి, తేలేటప్పటికి ఆలస్యమయింది. ఆమెకు అప్పుడే పరీక్ష చేసి, అప్పుడే మాత్రలు ఇచ్చినారు. తనతో ఇంటికొచ్చిన రోగం తనను తొక్కింది, ఆమె ఒంట్లో మాత్రం చుట్టం మాదిరి మూలన కూర్చుంది. ఆమె మొగం మీద దాని జాడ ఒక్కటి కూడా లేదు. అది చూస్తే సంతోషం కావల్ల. అయ్యేది కూడా, ఒకప్పుడు.

రెండింతల మోతాదు మొదలయింది. ఈసారి పట్టించుకోవల్ల అని తిప్పేస్వామి గట్టిగా అనుకున్నాడు. పట్టితే కత్తెర తనది, జోడీ తనది. పట్టకపోతే బతికినన్నాళ్ళూ గొర్రెల కాళ్ళు కట్టడమే.

పోయినసారి తప్పు ఎక్కడ జరిగిందా అని ఆలోచించినాడు. పత్యం చేయలేదు. అతని తల్లి ఓబమ్మ బతికినన్నాళ్ళూ కామెర్లకు ఆకుమందు ఇచ్చేది. ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్ళు. మందు మింగించి, ఉప్పులేని మజ్జిగన్నం తినమని చెప్పేది. ఇంకో మందు ఏది వాడతాన్నా ఆపమనేది. "ఒక కడుపులో రెండు మందులకు పొత్తు కుదరదు నాయనా. ఒకదాన్నొకటి తినేస్తాయి" అనేది. ఇదీ కామెర్ల మందే కదా. సూదిలో పోసినంత మాత్రాన వేరే అవుతాదా? రోజూ రాత్రి మింగే ఆ పెద్ద మాత్ర, పాపం సూదిమందును పట్టనిస్తాదా?

ఇదంతా ఆంజినమ్మను అడగొచ్చు. అరుణజ్యోతిని అడగొచ్చు. అడిగితే పెండ్లానికి తెలుస్తాది. తనంతట తానే పట్టించుకుని, నూర్లు దాటించి, ఆ కాగితం ఆమె ముందర పెట్టాలని అతని కోరిక.

ఉప్పు మానేసినాడు.

"ఇదేమి తిండయ్యా?" అంది ఆంజినమ్మ, చప్పిడి మజ్జిగన్నం కలుపుకుంటాంటే.

"మేడమ్ చెప్పింది."

"నాకు చెప్పలేదే."

"నీకు పట్టింది కదా. నీకెందుకు చెప్తాది?"

అన్నం తిన్నాక మాత్రల టైముకు ఫోను మోగుతాది. ఆమె రెండు మాత్రలు అరచేతిలో పెట్టుకుని వస్తాది, ఆమెకొకటి అతనికొకటి. ఒకే చెంబులో నీళ్ళు. ఎన్నో ఏండ్ల అలవాటు అది. తిప్పేస్వామి మాత్ర నోట్లో వేసుకుని, దవడకు పెట్టుకుని, నీళ్ళు తాగి, గొర్రెల దొడ్డి చూసొస్తానని లేచేవాడు. దొడ్డి కాడ ఉమ్మి చేతిలోకి తీసుకునేవాడు. పారేయాలంటే చెయ్యి రాలేదు. ఆ మాత్రలతోనే కదా మంచం మీద నుంచి లేచి తిరిగింది. తుడిచి, దొడ్డి కాపలాకు కప్పుకునే పాత కంబళి అంచు మడతలో దోపేవాడు.

రెండు సూదులు అట్లనే పడినాయి. భుజం మీద గడ్డ లేచినట్టు అనిపించింది. తడుముకుని చూసుకుని లోలోపల సంతోషపడినాడు. దగ్గు కూడా లేచింది. పత్యం దగ్గు అనుకున్నాడు.

తొలకరికి ముందు పశువుల ఆసుపత్రి నుంచి మనిషి వచ్చినాడు, గొర్రెలకు చిటుకు రోగం సూదులు వేసేదానికి. దొడ్డి వాకిలి కాడ ఆంజినమ్మ ఒక్కొక్క గొర్రెనూ వదుల్తాంటే తిప్పేస్వామి పట్టుకున్నాడు. పని వేగంగా జరుగుతాండాది. ఒక ఆడగొర్రె వచ్చింది. వెన్నెముక తేలి, దవడ కింద నీరు దిగి, బొచ్చు పట్టుకుంటే చేతికి వస్తాండాది. తిప్పేస్వామి దాన్ని కాళ్ళ మధ్య నుంచి పక్కకు తోసినాడు.

"దానికీ వేసేద్దాంలే అన్నా, ఒక్కటే కదా" అన్నాడు సూదాయన.

"వద్దప్పా. దీనికి కడుపు నిండా నట్టలు ఉండాయి. పురుగు లోపల తింటాంటే పైన సూదేసి ఏం లాభం? మందు దండగ. నట్టల మందు తాపి, కొంచెం కండ పట్టినంక తోలుకొస్తా. అప్పుడెయ్యి, పట్టుతాది."

"అది కరెక్టేలే" అని సూదాయన తర్వాతి గొర్రెను అందుకున్నాడు.

వాకిలి కాడ ఆంజినమ్మ చెయ్యి ఆగింది. రెండు గొర్రెలు ఒకేసారి దూరి వచ్చినాయి.

"ఏం చేస్తాండావే ఆడ?" అన్నాడు తిప్పేస్వామి.

ఆమె ఒక గొర్రెను వెనక్కి నెట్టింది. ఆ పొద్దున్నే వాన వచ్చే లోపల దులుపుదామని పాత కంబళి దండెం మీద వేసి కట్టెతో కొట్టింది. అంచులో నుంచి మాత్రలు రాలినాయి. ఏరి కొంగున కట్టుకుంది. ఏమని అడగాలో తెలియక అప్పటిదాకా అట్లనే తిరుగుతాండాది.

సూదాయన మజ్జిగ తాగి మోటార్‌సైకిలెక్కి పోయినాడు. తిప్పేస్వామి ఆ బక్క గొర్రెకు వేపమండలు వేస్తాంటే ఆమె వచ్చి పక్కన నిలబడింది.

"దీనికి సూది ఎందుకు ఏపించలేదు?"

"విన్న్యావు కదా. పురుగుండాది. యాడ పట్టుతాది?"

"మళ్ళ నీకెట్ల పట్టుతాదనుకున్న్యావు?"

కొంగు ముడి విప్పింది. మాత్రలు అతని చేతిలో పోసింది. కొన్ని పిండి అయిపోయి ఉన్నాయి.

తిప్పేస్వామి గుప్పిట మూసినాడు. గొర్రె వేపాకు నములుతాండాది.

"కామెర్ల మందుకు పత్యం" అన్నాడు. "అమ్మ చెప్తాండె."

"మీ అమ్మకు ఈ రోగం లేదు. మీ అమ్మ దగ్గరికి వచ్చినోళ్ళకూ లేదు."

"నీకు పట్టింది కదా."

"పట్టితే?"

"ఏం లేదు."

"నాకు పట్టిందని నీకు కడుపుమంటా?"

"ఆఁ" అన్నాడు తిప్పేస్వామి.

ఆంజినమ్మ నీళ్ళతొట్టి గట్టు మీద కూర్చుంది. ఆ మాట వస్తాదని ఆమె అనుకోలేదు.

"నేను వీరేషుతో నవ్వుతాండానని నువ్వు మూతి ముడుచుకున్న్యావు అనుకుంటి. ఊరంతా అదే అనుకుంటాండాది. ఆరునూర్ల కోసమా?"

"అదీ కొంచెం ఉండాది" అన్నాడు. "ఆరునూర్లే ఎక్కువ."

ఆమెకు నవ్వు వచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే గెలిచింది.

"నాకిచ్చింది నువ్వు. నేను ఏ పొద్దన్నా అడిగినానా, ఎందుకిచ్చినావని? నిన్ను ఎత్తుకుని బస్సెక్కించింది మరిచినావా? నువ్వు ఆరువేలు తెచ్చుకో, నేను ఓర్చుకుంటా. మాత్ర మానేసి పోతే ఆ ఆరునూర్లు పెట్టుకుని నేనేం జేసుకోవల్ల?"

అతను చేతిలోని మాత్రల్లో బాగున్నది ఒకటి ఏరి నోట్లో వేసుకోబోయినాడు.

"ఛీ, అది పారెయ్" అని చేతి మీద కొట్టింది. "గొర్రె కంపు. పద, బట్టలు మార్చుకో. మధ్యాన్నం బస్సుండాది."

అరుణజ్యోతి అరవలేదు. అరిచి ఉంటే బాగుండు అనుకున్నాడు తిప్పేస్వామి. ఆమె మాత్రల డబ్బా చేతిలో పట్టుకుని, "దీంట్లో ఏముందో తెలుసా అన్నా నీకు?" అని అడిగింది. "మూడు మందులుండాయి. అందులో ఒకటి మీ తమ్మునికి కామెర్ల పురుగు అణచేదానికి ఇస్తాండే మందే. అంటే, సూది పట్టకపోయినా ఇన్నాళ్ళూ నిన్ను కొంచెం కాస్తాండింది ఇదే. దాన్ని నువ్వు కంబళిలో దోపినావు."

"సూదిమందును ఇది తినేయదా మేడమ్?" అని అడిగినాడు తిప్పేస్వామి.

"సూది మందును ఈ మాత్ర తినదు. ఈ మాత్ర పడితేనే నీ హెచ్ఐవి పురుగు అణుగుతాది, పురుగు అణిగితేనే సూది పట్టుతాది. ఉప్పు తినొచ్చు" అంది. డబ్బా అతని ముందుకు జరిపి, "ముద్ద కూడా తినొచ్చు" అంది.

రక్తం తీసినారు. పురుగు పెరిగి ఉంది. మాత్రలు మళ్ళా మొదలయినాయి. డాక్టరు మాట ప్రకారం, పురుగు అణిగిందని పరీక్షలో తేలేదాకా సూదులు ఆపి, తర్వాత రెండింతల మోతాదు మొదటి నుంచి వేసినారు. ఈలోపల బక్క గొర్రె తేరుకుంది, సూది వేయించుకుంది, ఒక పిల్లను కూడా ఈనింది. ఇంకొక కత్తిరింపుల కాలం ఆంజినమ్మా వీరేషే చేసినారు. రామాంజనేయులు ఇప్పుడు ఎగతాళి మానేసి, ఆ ఎడమచేతి ఆయమ్మ ఉంటేనే గుంపు తోలుకొస్తానని అంటాండాడు. తిప్పేస్వామి కాళ్ళు కట్టినాడు. రాత్రి మాత్ర ఆమె ముందరే మింగి, నోరు తెరిచి చూపించినాడు. ఆమె అడగలేదు, అయినా చూపించేవాడు.

మరుసటి ఏడు ఫలితం వచ్చింది.

"ముప్పై ఒకటి" అంది అరుణజ్యోతి. "పది దాటింది కదా, చాలు. నీ కత్తెర నువ్వు వాడు, తమ్మునిది తమ్ముడు వాడనీ. తెగితే మట్టి పూయొద్దు, నీళ్ళు, సబ్బు. అందరికీ కాలం గడిచేకొద్దీ తగ్గుతాది. ఏడాదికొకసారి చూసుకుందాం."

"అందరికీనా?"

"అందరికీ."

"ఆమెకు కూడా?"

"అక్కకు ఇప్పుడే చూసినాం. నాలుగునూర్లకు దిగింది."

బస్సులో ఆంజినమ్మ సీటు మీది సంచి తీసింది. తిప్పేస్వామి పక్కన కూర్చున్నాడు. బస్సు ఉరవకొండ దాటింది. తర్వాత అన్నాడు, "నీది దిగిందంట."

"దిగినా నీకు అందదులే" అంది ఆమె.

కత్తిరింపుల మొదటి రోజు తిప్పేస్వామి పొద్దున్నే లేచి తన కత్తెరకు సాన పట్టినాడు. తుప్పు పోయి అంచు మెరిసింది. రామాంజనేయులు గుంపు వచ్చింది. అతను తన పాత చోట కూర్చున్నాడు, వీరేష్‌కు ఎదురుగా. ఆంజినమ్మ గొర్రె కాళ్ళు కట్టి దూరం జరిగింది.

పొట్ట కాడ బాగానే సాగింది. అతని చెయ్యి మరిచిపోలేదు. వెన్ను కాడికి వచ్చేటప్పటికి వీరేష్ కత్తెర ఒక పక్కకు వంగి వచ్చింది, ఎడమచేతి మనిషి ఎదురున్నట్టు. తిప్పేస్వామి కత్తెర దానికి అడ్డం పోయింది. టక్కున తగులుకున్నాయి. బొచ్చు తునిగింది. అతని బొటనవేలి నుంచి రక్తం కారి గొర్రె మీద పడింది.

"అన్నా" అని వీరేష్ కత్తెర కింద పడేసి వెనక్కి జరిగినాడు. తన చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు, తనకెక్కడన్నా తెగి తన రక్తం అన్నకు అంటిందేమోనని. తెగలేదు. మొగం మాత్రం పాలిపోయింది.

ఆంజినమ్మ నీళ్ళ చెంబు, సబ్బు తెచ్చింది. అతని చెయ్యి పట్టుకుని కడిగింది.

"ఏం కాదులే" అన్నాడు తిప్పేస్వామి తమ్మునితో. "ముప్పై ఒకటి ఉండాది నాకు."

"చెయ్యి మరిచిపోయిందన్నా నాకు. వదినతో అలవాటైపోయి."

"తెలుస్తాండాది."

ఆంజినమ్మ వేలికి గుడ్డ చుట్టి ముడి వేసింది. కింద గొర్రె సగం బొచ్చుతో కాళ్ళు తన్నుకుంటాండాది. దాన్ని అట్ల వదలడం కుదరదు. ఆమె తన కత్తెర తెచ్చుకుని తిప్పేస్వామి లేచిన చోట కూర్చుంది. అతను గొర్రె తల ఒడిలో పెట్టుకుని పట్టుకున్నాడు. రెండు కత్తెర్లు వెన్ను మీదికి వచ్చి, ఒకదాని వెంట ఒకటి జారి, బొచ్చు లేచింది.

బాగా లేచింది. ఆ పని అంత బాగా ఇద్దరు చేయడం అతను ఎక్కడా చూడలేదు. లోపల ఎప్పటి మాదిరే మండింది.

వీరేష్ కాళ్ళ కట్టు విప్పినాడు. గొర్రె లేచి ఒళ్ళు విదిలించుకుని పోయింది. తిప్పేస్వామి ఇంకొక గొర్రెను చెవి పట్టుకుని లాక్కొచ్చి, పండబెట్టి, గుడ్డ కట్టిన వేలితోనే కాళ్ళు కట్టినాడు. ఆంజినమ్మ కత్తెర సర్దుకుని ఆ పక్కకు జరిగి కూర్చుంది.

"నువ్వు లెయ్" అన్నాడు. "ఇది నాది."

"వేలు?"

"మానుతాది." వీరేష్ వైపు చూసినాడు. "నువ్వు నీ పాత చెయ్యి గుర్తు తెచ్చుకోరా. తొందరేం లేదు."

ఆంజినమ్మ లేచి గొర్రె తల పట్టుకుంది.